కంటిలోకి వెలుగు ఎలా వస్తుంది? - బస్రా పండితుడు ఇబ్నుల్ హైసమ్ జీవితం

మా ఇంటి పెద్దదిక్కు ఖాలాజాన్‌కు పదిహేనేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. కిందటి రంజాన్‌కు ముందు ఒకరోజు ఖురాన్ పారాయణం చేస్తూ, అక్షరాలు వంకరపోతున్నాయని, వరుస మధ్యలో మబ్బు పట్టినట్లుందని చెప్పారు. విజయనగరంలోని ఒక కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. కంట్లో చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి, ఓసీటీ అనే పరీక్ష చేశారు. గడ్డం ఒక చిన్న పీట మీద ఆనించి లోపల కనిపించే గుర్తు వైపు కదలకుండా చూడాలి. సూది లేదు, నొప్పి లేదు. కొన్ని క్షణాలలో కంటి వెనుక ఉండే రెటీనా పొరలు నిలువునా కోసి చూపినట్లు తెర మీదకు వచ్చాయి.

అయితే మొదటి బొమ్మ పనికి రాలేదు. ఇసుక చల్లిన అద్దంలో చూసినట్లు అంతా రవ్వ రవ్వగా ఉంది. ఏ పొర ఎక్కడ ముగిసిందో, నీరు చేరింది ఎక్కడో తెలియలేదు. కన్ను పొడిబారిందని, కొద్దిగా శుక్లం కూడా ఉందని చెప్పి, తడి చుక్కలు వేసి, నాలుగుసార్లు రెప్ప ఆర్పించి మళ్ళీ తీశారు. ఒకే చోటును పదేపదే తీసి కలిపిన ఆ రెండో బొమ్మలో పొరలు విడివిడిగా తేలాయి. నడుమ చిన్న ఉబ్బు, దానిలో నల్లని గదులు కనిపించాయి. కంటికి ఇంజక్షన్ ఇవ్వాలా, వద్దా అన్నది ఆ బొమ్మను చూశాకే నిర్ణయించారు. మొదటి దానితోనే సరిపెట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం మాకు ఇష్టం లేదు.

ఇంటికి వచ్చాక ఖాలాజాన్ మమ్మల్ని ఒక ప్రశ్న వేశారు. వెలుతురు లోపలికి వెళ్ళి లోపలి బొమ్మను బయటికి ఎలా మోసుకొస్తుంది? అసలు మనం ఒక వస్తువును చూడటమంటే ఏమిటి? సరిగ్గా ఈ ప్రశ్న మీదే సుమారు వెయ్యేళ్ళ క్రితం ఒక మహనీయుడు ఏడు సంపుటాల గ్రంథం రాశారు. ఆయనే అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. హసన్ అన్న పేరును లాటిన్ పండితులు తమ నోటికి అనువుగా మార్చుకోగా యూరప్‌లో ఆయన అల్హాజెన్‌గా ప్రసిద్ధులయ్యారు.

ఆయన హిజ్రీ 354వ సంవత్సరం ప్రాంతంలో, అంటే క్రీస్తు శకం 965 ప్రాంతంలో, ఇరాక్‌లోని బస్రా నగరంలో జన్మించారు. బస్రా ఆనాడు పెద్ద రేవు పట్టణం. ఓడలతో పాటు సరుకులూ, పుస్తకాలూ, వాదోపవాదాలూ అక్కడికి చేరేవి. యూక్లిడ్ క్షేత్రగణితం, టాలమీ ఖగోళశాస్త్రం, గాలెన్ వైద్యం అప్పటికే అరబీలోకి వచ్చేశాయి. ఇబ్నుల్ హైసమ్ వాటిని ఔపోసన పట్టారు. కొంతకాలం ప్రభుత్వ కొలువు కూడా చేశారు కాని అందులో మనసు నిలవలేదు. ఆయన జీవితాన్ని గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆయన గతించిన రెండు వందల ఏళ్ళ తరువాత ఇబ్నుల్ ఖిఫ్తీ, ఇబ్న్ అబీ ఉసైబియా అనే చరిత్రకారులు రాసిపెట్టినదే. వారి కథనాలు కూడా అన్నిచోట్లా ఒకదానితో ఒకటి కలవవు. అందువల్ల చెప్పుకునే కథ ఏదో, ఆయన గ్రంథాల నుండి రూఢిగా తెలిసేది ఏదో వేరుచేసి చెప్పడం మా బాధ్యత.

ఇబ్నుల్ ఖిఫ్తీ చెప్పిన కథ ఇది. నైలు నదికి వరద వస్తే ఊళ్ళు మునుగుతాయి, రాకపోతే కరువు వస్తుంది. తాను ఈజిప్టులో ఉంటే ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా నైలు నీరు ఉపయోగపడేటట్లు ఏర్పాటు చేసి ఉండేవాడినని ఇబ్నుల్ హైసమ్ అన్నారట. ఆ మాట కైరోలోని ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఆయన ధనం పంపి పిలిపించాడు. నగరం వెలుపలి దాకా తానే ఎదురువచ్చి స్వాగతం చెప్పాడు. పనివాళ్ళను వెంట ఇచ్చి నది ఎగువకు పంపాడు.

నాగావళి, వంశధార పొంగితే ఏమవుతుందో చూసిన మన సిక్కోలు వారికి ఆ మాటలోని ఆశ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ మీద నిలబడి ఏరును చూసిన వారికి అందులోని కష్టమూ తెలుసు.

ఇబ్నుల్ హైసమ్ నది వెంట దక్షిణంగా ప్రయాణించారు. దారి పొడవునా ప్రాచీన ఈజిప్టు వారి కట్టడాలు కనిపించాయి. ఆ కొలతల కచ్చితత్వం, ఆ రాతిపని చూసి ఆయన ఆలోచనలో పడ్డారు. ఇంతటి నేర్పు గలవారు, నైలును కట్టడం సాధ్యమై ఉంటే కట్టకుండా ఉంటారా? అస్వాన్‌కు దక్షిణాన నీరు ఎత్తు నుండి దిగే చోటుకు చేరి, అన్ని వైపుల నుండీ పరిశీలించి, తాను అనుకున్నది తన కాలపు పనిముట్లతో జరిగేది కాదని తేల్చుకున్నారు. వెనక్కి వచ్చి ఖలీఫా ముందు తన పొరపాటు ఒప్పుకున్నారు. అస్వాన్ దగ్గర నైలుకు అడ్డంగా పెద్ద ఆనకట్ట పూర్తయింది 1970లో. అంటే చోటు విషయంలో ఆయన చూపు తప్పలేదు, కాలం విషయంలో తొమ్మిది వందల ఏళ్ళకు పైగా తేడా వచ్చింది.

అల్ హాకిమ్ మామూలు ప్రభువు కాదు. 1005లో కైరోలో విజ్ఞాన నిలయం స్థాపించి పండితులను పోషించినవాడే, ములూఖియా అనే ఆకుకూర ఎవరూ తినరాదని ఆజ్ఞ జారీ చేశాడు. ఆడవారి చెప్పులు కుట్టరాదని చర్మకారులను కట్టడి చేశాడు. ఎవరి తల ఎప్పుడు తెగుతుందో తెలియని దర్బారు అది. ఇబ్నుల్ హైసమ్‌కు ఏదో ఉద్యోగం ఇచ్చారు గాని, భయంతోనే చేశారు. చివరకు పిచ్చివాడిగా నటించడం తప్ప ఆయనకు మరో దారి తోచలేదు. ఆస్తిని సంరక్షకుల చేతిలో పెట్టి ఆయనను ఇంట్లోనే ఉంచారు. 1021లో అల్ హాకిమ్ ఒక రాత్రి స్వారీకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తరువాతే ఇబ్నుల్ హైసమ్‌కు మతి తిరిగి వచ్చింది!

ఆ గృహ నిర్బంధంలోనే, చీకటి గదిలో కూర్చుని ఆయన తన మహాగ్రంథం కితాబుల్ మనాజిర్ రాశారని చాలామంది రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది. అయితే ఆయన రచనల పాత జాబితాలను పోల్చి చూసిన పండితులు, ఆ గ్రంథం 1028 తరువాత రాసినదని భావిస్తున్నారు. మాకు ఇదే సబబుగా తోస్తున్నది. ప్రాణభయంతో నటిస్తున్న మనిషి ఏడు సంపుటాలను, అందులోనూ దీపాలు, తెరలు, గొట్టాలు, నీటి పాత్రలతో చేసిన ప్రయోగాల వివరాలను, అంత నిదానంగా రాయగలడా?

ఇక ఆ గ్రంథంలో ఏముందో చూద్దాము. యూక్లిడ్, టాలమీ ప్రభృతులు కంటి నుండే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని నమ్మారు. బాగ్దాద్ తత్త్వవేత్త అల్ కిందీ కూడా ఆ పక్షమే. ఇబ్నుల్ హైసమ్ చాలా మామూలు విషయంతో మొదలుపెట్టారు. సూర్యుని వైపు చూస్తే కన్ను నొప్పి పెడుతుంది. మిరుమిట్లు గొలిపే వెలుగును చూసి చీకటి వైపు తిరిగితే దాని ఆకారం కాసేపు కళ్ళ ముందు ఆడుతుంది. అంటే బయటి నుండి వచ్చిందేదో కంటి మీద పనిచేస్తున్నది. కన్ను తెరవగానే ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రాలు కనిపిస్తాయి. కంటి నుండి బయలుదేరినదేదో రెప్పపాటులో ఆకాశమంతా నిండుతుందంటే నమ్మేదెలా? వెలిగే ప్రతి వస్తువు మీద ఉన్న ప్రతి బిందువు నుండీ కాంతి అన్ని దిక్కులకూ సూటి గీతల్లో వెళుతుందని, అందులో కొంత కంటిలో ప్రవేశిస్తుందని ఆయన తేల్చారు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ప్రతి బిందువు నుండీ వెలుగు అన్ని వైపులకూ వెళితే, కంటి మీద ఏ చోట చూసినా ఎదురుగా ఉన్న అన్ని బిందువుల వెలుగూ వచ్చి పడుతుంది. చెట్టు వెలుగు, గోడ వెలుగు, మనిషి మొహం వెలుగు ఒకే చోట పడితే కనిపించవలసింది చెట్టు కాదు, మొహమూ కాదు, అంతా కలిసిన మసక. మరి మనకు స్పష్టంగా ఎలా కనిపిస్తున్నది? తెలిసిన దానికి కారణం వెతకడం కన్నా, అందరికీ మామూలుగా తోచినదానిలో చిక్కు పట్టుకోవడం కష్టం. మా దృష్టిలో ఆయన గొప్పతనం జవాబులో కన్నా ఈ ప్రశ్నలోనే ఎక్కువ ఉంది.

ముందుగా వెలుగులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయా అన్నది పరీక్షించారు. చీకటి గది తలుపుకు చిన్న కంత పెట్టి, బయట కొన్ని దీపాలను వరుసగా ఉంచారు. గదిలో గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపానికి అడ్డు పెడితే దానికి ఎదురుగా ఉన్న మచ్చ మాత్రమే పోయింది. అడ్డు తీస్తే మళ్ళీ వచ్చింది. దీపాల వెలుగంతా ఆ ఒక్క కంతలోంచే దూరి వచ్చినా దేని దారి దానిదే. ఇటువంటి పరీక్షకు ఆయన వాడిన పదం ఇతిబార్. మన ఇళ్ళలో ఉర్దూలో ఏతబార్ అంటే నమ్మకం. ఆయన భాషలో మాత్రం అది పరీక్షించి చూడటం. పాత గ్రంథాలను చదివేవాడు వాటిని నమ్మడం కాదు, అనుమానించాలని, తన తీర్పును కూడా అనుమానించుకోవాలని టాలమీ మీద రాసిన విమర్శలో ఆయన హెచ్చరించారు. తన నైలు అనుభవం ఆయనకు గుర్తుండే ఉంటుంది.

మసక ఎందుకు రాదన్నదానికి ఆయన ఇచ్చిన జవాబు ఇది. కంటి మీద నిట్టనిలువుగా పడే కిరణం బలంగా లోపలికి పోతుంది, ఏటవాలుగా పడేది వంగి బలహీనపడుతుంది. పలక మీద ఇనుప గుండును సూటిగా విసిరితే పగులుతుంది, పక్కవాటుగా విసిరితే జారిపోతుంది. అట్లాగే కన్ను నిలువు కిరణాలనే లెక్కలోకి తీసుకుంటుంది, అందుచేత వస్తువు మీది ఒక్కొక్క బిందువుకు కంటిలో ఒక్కొక్క చోటు ఏర్పడుతుంది. ఈ జవాబులో సగం తప్పు. చూపు పుట్టేది కంటి కటకంలో అని గాలెన్ చెప్పినది ఆయన కూడా నమ్మారు. బొమ్మ రెటీనా మీద, అదీ తలకిందులుగా పడుతుందని 1604లో జర్మనీ పండితుడు కెప్లర్ నిరూపించారు. కటకం ఆ ఏటవాలు కిరణాలను కూడా వంచి ఒకే చోటికి చేరుస్తుంది. కాని ఒక బిందువుకు ఒక బిందువు అన్న నియమం కెప్లర్‌కు దొరికింది ఇబ్నుల్ హైసమ్ వేసిన బాటలోనే. లాటిన్‌లోకి వచ్చిన ఆయన గ్రంథం 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది.

గ్రహణం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం మాకు ఇంకా ఇష్టం. 1980 ఫిబ్రవరి 16న మన తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగినప్పుడు జనం తలుపులు వేసుకుని ఇళ్ళలో కూర్చున్నారు. గ్రహణ సమయంలో మామిడి చెట్టు కిందకు వెళితే నేల మీద వందలాది చిన్న చిన్న నెలవంకలు కనిపిస్తాయి. ఆకుల సందులే వాటిని గీస్తాయి. సూర్యుడు వంకలా ఉన్నప్పుడు కంతలోంచి వచ్చే వెలుగు వంకలాగే ఎందుకు పడుతుంది, అదే కంతలోంచి నెలవంక వెలుగు గుండ్రంగా ఎందుకు పడుతుంది అని ఇబ్నుల్ హైసమ్ లెక్క కట్టారు. కంతలోని ప్రతి బిందువూ తన వంతు బొమ్మను గోడ మీద వేస్తుంది. ఆ బొమ్మలన్నీ కొద్ది కొద్దిగా పక్కకు జరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. కంత చిన్నదైతే జరుగుడు తక్కువ, ఆకారం నిలుస్తుంది. కంత పెద్దదైతే అంచులు కరిగిపోయి గుండ్రనవుతుంది. మరీ చిన్నది చేద్దామంటే వెలుగు చాలదు. స్పష్టత కావాలంటే వెలుగును, వెలుగు కావాలంటే స్పష్టతను కొంత వదులుకోవాలన్నమాట.

ఖాలాజాన్ బొమ్మ విషయంలో కూడా జరిగింది ఇటువంటి బేరమే. ఓసీటీని 1991లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు లోకానికి పరిచయం చేశారు. కంటికి దాదాపు కనిపించని ఎర్రటి కాంతిని రెండు పాయలు చేస్తారు. ఒకటి కంటిలోకి, మరొకటి ఒక అద్దం మీదకు వెళుతుంది. రెండూ తిరిగి వచ్చి కలిసినప్పుడు ఏర్పడే అలల చారలను బట్టి, వెలుగు ఎంత లోతు నుండి వెనక్కి వచ్చిందో యంత్రం లెక్క కడుతుంది. రెటీనా మందం మిల్లీమీటరులో పావు వంతు మాత్రమే. అందులోని పొరలను విడదీయాలి. మొదట్లో మిల్లీమీటరులో వెయ్యి వంతుల్లో పదిహేను వంతుల దాకా తేడా తెలిసేది. ఇప్పటి ఆసుపత్రి యంత్రాలకు అయిదు వంతులు కూడా తెలుస్తుంది. కాంతిలో ఎన్ని ఎక్కువ వర్ణాలు కలిసి ఉంటే లోతు అంత సన్నగా తెలుస్తుంది.

ఆ రవ్వ సంగతి వేరు. కొంత రవ్వ వెలుగు చాలక పుడుతుంది. పొడి కన్ను, శుక్లం వెలుగును తినేస్తాయి. ఒకే చోటును అనేకసార్లు తీసి సగటు కడితే ఈ రవ్వ అణిగిపోతుంది, ఎందుకంటే అది ప్రతిసారీ ఒక్కో చోట పడుతుంది, పొర మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పదహారు బొమ్మలు కలిపితే అది నాలుగో వంతుకు తగ్గుతుంది, పదహారో వంతుకు కాదు. రెండో రకం రవ్వ మొండిది. దానిని స్పెకిల్ అంటారు. కంటి కణజాలంలోని అసంఖ్యాకమైన సూక్ష్మ భాగాల నుండి చెదరి వచ్చిన వెలుగులు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం వల్ల అది పుడుతుంది. కదలకుండా అదే చోటు ఎన్నిసార్లు తీసినా అదే వస్తుంది. కొద్దిగా పక్కకు జరిపి తీసి కలిపితేనే తగ్గుతుంది. ఎక్కువ జరిపితే పొరలే కలగాపులగమవుతాయి. కంప్యూటరు చేత నునుపు చేయించవచ్చు గాని, అతిగా చేస్తే చిన్న నీటి గది కూడా రవ్వగా లెక్కకట్టబడి చెరిగిపోయే ప్రమాదం ఉంది. బొమ్మ అందంగా ఉండటం వేరు, నిజం చెప్పడం వేరు.

ఈ చెదిరే వెలుగు కథలో మన ప్రాంతానికీ పాత్ర ఉంది. తండ్రి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు కావడంతో బాల్యంలో చాలా భాగం అక్కడే గడిపిన సి.వి. రామన్, 1919లో కంటి లోపలి పారదర్శక భాగాలలో కాంతి ఎలా చెదురుతుందో ఒక వ్యాసం ప్రకటించారు. చీకటిలో చిన్న ప్రకాశవంతమైన దీపాన్ని చూసినప్పుడు దాని చుట్టూ కనిపించే వలయం, చారల గురించిన పరిశీలన అది. ఆయన ఆ చారలను చూసింది యంత్రంలో కాదు, తన కంటితోనే.

మళ్ళీ కైరోకు వద్దాము. స్వేచ్ఛ వచ్చాక ఇబ్నుల్ హైసమ్ అల్ అజ్హర్ మసీదు ద్వారం దగ్గర ఒక గుమ్మటం కింద నివసించారు. కొలువు జోలికి పోలేదు. ఏడాదికొకసారి యూక్లిడ్ గ్రంథాన్ని, టాలమీ గ్రంథాన్ని, వాటి నడుమ చదవవలసిన పుస్తకాలను చక్కని దస్తూరితో నకలు రాసేవారు. బయటి నుండి వచ్చినవారు నూటయాభై ఈజిప్టు దీనార్లకు కొనేవారు. బేరం లేదు, హెచ్చుతగ్గులు లేవు. ఆ సొమ్ముతో ఏడాది గడిచేది. అట్లా బతుకుతూనే తొంభైకి పైగా రచనలు చేశారు.

ఆశ్చర్యమేమంటే ఆయన తరువాత చాలాకాలం తూర్పు దేశాల్లో కితాబుల్ మనాజిర్‌ను చదివినవారు దాదాపు కనిపించరు. రెండు వందల యాభై ఏళ్ళు గడిచాక ఇరాన్‌లో కమాలుద్దీన్ ఫార్సీ అనే యువకునికి కాంతి వంగడం మీద సందేహాలు కలిగాయి. గురువు ఖుత్బుద్దీన్ షీరాజీ, తన చిన్ననాట ఒక గ్రంథాలయంలో ఇటువంటి పుస్తకం చూసిన జ్ఞాపకంతో, దూరదేశం నుండి ప్రతిని తెప్పించి ఇచ్చారు. శిష్యుడు దానికి తన్ఖీహుల్ మనాజిర్ అనే వ్యాఖ్యానం రాసి, నీరు నింపిన గాజు గోళంతో ఇంద్రధనుస్సు గుట్టు విప్పారు. ఆ వ్యాఖ్యానాన్ని మొట్టమొదట అచ్చు వేసింది కైరో కాదు, బాగ్దాదు కాదు, మన హైదరాబాదు! 1888లో నెలకొల్పిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1347-48లో, అంటే 1928-30 మధ్య, రెండు సంపుటాలుగా దానిని వెలువరించింది. మరో పదేళ్ళకు ఇబ్నుల్ హైసమ్ చిన్న గ్రంథాల సంకలనాన్ని కూడా ప్రచురించింది. మూల గ్రంథం మొదటి మూడు సంపుటాల అరబీ పాఠం కువైత్‌లో అచ్చుకావడానికి 1983 దాకా ఆగవలసి వచ్చింది.

ఇబ్నుల్ హైసమ్ హిజ్రీ 430 ప్రాంతంలో, క్రీస్తు శకం 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. అయితే ఆయన స్వహస్తాలతో రాసిన ఒక క్షేత్రగణిత గ్రంథాన్ని తాను చూశానని, దాని మీద హిజ్రీ 432 అని ఉందని ఇబ్నుల్ ఖిఫ్తీ రాశారు. చివరి నాళ్ళ వరకూ నకళ్ళు రాస్తూనే ఉన్నారన్నమాట.

ఖాలాజాన్‌కు మూడు ఇంజక్షన్లు పడ్డాయి. కిందటి నెలలో తీసిన బొమ్మలో నల్లని గదులు బాగా కుంచించుకుపోయాయి. ఈసారి కన్ను పొడిబారకుండా ముందుగానే చుక్కలు వేయించుకుని వెళ్ళారు.